చంటిగాడి చలివేంద్రం

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదంటారు. మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చదువుకుంటూ నడిస్తే నిజమేననిపిస్తుంది కూడా. జావా, పైథాన్, ట్యాలీ, స్పోకెన్ ఇంగ్లీష్, గ్రూప్ టూ. వాటి మధ్య కరెంటు స్తంభాలకి కట్టిన అట్టముక్కల మీద 'నెలలో పది కిలోలు తగ్గండి, ఫోన్ చేయండి'. గత ఏడాదిగా ఆ అట్టముక్క కనబడ్డప్పుడల్లా నాకు నవ్వొస్తోంది. మా ఇంట్లో ఉన్న పిల్లి రెండున్నర కిలోలు తగ్గడానికి తక్కువలో తక్కువ ఏడాది పడుతుందని, అంతకన్నా తొందరపడితే దాని ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పారు. అంత నింపాదిగా బరువు తగ్గించే విద్య నేర్పే బోర్డు నాకు ఏ సందులోనూ కనబడలేదు.

పిల్లి పేరు చంటి. మా నాన్న పెట్టిన పేరు. ఆయన ఏ.జి. ఆఫీసులో రిటైరయ్యాక అమ్మా ఆయనా పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో, సాయిబాబా గుడికి రెండు వీధుల అవతల ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. ఒక వానాకాలం సాయంత్రం లిఫ్టు గుంటలోంచి ఏదో కూత వినబడితే వాచ్‌మన్ దిగి తీసుకొచ్చి నాన్న చేతిలో పెట్టాడట. అప్పుడు అరచేతిలో పట్టేవాడు. నాన్న పోయిన మూడో నెలలో అమ్మనీ చంటినీ ధరం కరం రోడ్డు వెనకున్న మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాను. మెట్రోలో అయితే ఒక్క స్టేషను దూరం. ఆటోలో అమ్మ ఒళ్ళో నాన్న ఫోటో, నా ఒళ్ళో కూరగాయల బుట్టలో చంటి. అమీర్‌పేట మెట్రో కింద సిగ్నల్ పడి ఆటో ఆగేసరికి నా తొడలు తిమ్మిరెక్కిపోయాయి. అప్పటికే వాడు ఏడు కిలోల పైమాట.

వాడి దినచర్య పంజాగుట్ట నుంచి యథాతథంగా వచ్చింది. మాది మాంసం వండని ఇల్లు. పొద్దున్న పాలు. తొమ్మిదింటికి నెయ్యేసి మెత్తగా కలిపిన పప్పన్నం. మధ్యాహ్నం పెరుగన్నం. నాలుగింటికి అమ్మ టీతోపాటు రెండు మేరీ బిస్కెట్లు. రాత్రి మళ్ళీ పాలు. ఇవి చాలవన్నట్టు ఒక స్టీలు గిన్నె నిండా డ్రై ఫుడ్ ఇరవై నాలుగ్గంటలూ సోఫా పక్కన ఉండేది. పిల్లి అన్నం మీద బతకదని పై అంతస్తు కుర్రాడెవరో చెబితే నాన్న మొదలుపెట్టిన అలవాటు అది. ఆ కుర్రాడెవరో గానీ వాడికి పుణ్యం ఉంటుంది. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్ళు తనకి చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసంలోంచి రావాలి, లేదా కంపెనీవాళ్ళు కలిపిన తిండిలోంచి రావాలి. లేకపోతే ముందు కళ్ళు పోతాయి, తర్వాత గుండె. చంటి కళ్ళు ఇవాళ్టికీ లాంతర్లలా వెలుగుతున్నాయంటే ఆ గిన్నె పుణ్యమే. ఆ గిన్నెకి అడుగు కనబడేది కాదన్నదే చిక్కు.

నాన్న పోయాక అమ్మకి వడ్డించడానికి మనిషి లేకపోయాడు. నేనూ మా ఆయనా పొద్దున్నే డబ్బాలు కట్టుకుని పోయే బాపతు. మా అమ్మాయి బెంగళూరులో. యాభై నాలుగేళ్ళపాటు వేళకి ఒకరికి కంచం పెట్టిన చెయ్యి ఊరికే ఉండదు కదా. చంటి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ముఖంలోకి చూసేవాడు. "ఆకలేస్తోందిరా నాయనా" అని ఆవిడే అనేది, ఆవిడే లేచేది. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు.

మన భాష కూడా ఈ విషయంలో అమ్మ పక్షమే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది. పిల్లి శాపాలకి ఉట్టి తెగదు. పిల్లికి బిచ్చం పెట్టనివాడంటే ఇంక వాడి పిసినారితనానికి తిరుగులేదు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియనివాళ్ళెవరు? రాయలవారు తలా ఒక పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునీ ఇచ్చి పెంచమంటే, రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టి దాని మూతి కాల్పించాడు. ఆ తర్వాత పాలగిన్నె చూస్తే చాలు, అది పరుగో పరుగు. పోటీకి అందరూ లావుపాటి పిల్లుల్ని తెస్తే ఈయన బక్కపిల్లిని తెచ్చాడు. చిన్నప్పుడు ఈ కథ విన్న మనందరికీ ఒక సంగతి మనసులో నాటుకుపోయింది: బాగా చూసుకున్న పిల్లి బూరెలా ఉంటుంది, చూసుకోని పిల్లి ఎముకలు తేలి ఉంటుంది. నిజానికి పాలు మానేసిన వయసు దాటాక చాలా పిల్లులకి పాలలోని చక్కెర అరగదు. మూతి కాల్చడం దుర్మార్గమే అనుకోండి. కానీ పాలు మాన్పించిన ఆ పిల్లికి నాలుగు ఎలకలు దొరికి ఉంటే ఆస్థానం మొత్తంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లి అదే అయ్యుండేది.

ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మ కళ్యాణం రోజున, చంటి ఇసుక ట్రేలో కూర్చుని లేవలేదు. ముక్కుతున్నాడు, లేస్తున్నాడు, రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాడు. గొంతులోంచి ఎప్పుడూ వినని కూత. తర్వాత నురగలా వాంతి. ముందురోజు నుంచి గిన్నె ముట్టలేదని అప్పుడు చెప్పింది అమ్మ.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న మలం గురించి కాదు. "ఇవాళ ఉచ్చ పోసిండా? ఇసుకలో తడి ఉండలు చూసి చెప్పండి ఆంటీ, నేను లైన్‌లోనే ఉంట." ట్రేలో కూర్చుని ముక్కే మగపిల్లిని చూసి అందరూ మలబద్ధకం అనుకుంటారట. కొన్నిసార్లు అది మూత్రం బిగించడం. మగపిల్లికి మూత్రనాళం సన్నం. అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆముదం పట్టించి రేపు చూద్దాంలే అనుకునే వ్యవధి ఉండదు. పిల్లి ఉన్నవాళ్ళు ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మా అదృష్టం, ఇసుకలో రెండు తడి ఉండలు ఉన్నాయి. "సరే, ఐతే పేగే. తీసుకరండి."

తీసుకెళ్ళడానికి ఆటో ఏదీ? కళ్యాణం రోజున ఆ చుట్టుపక్కల ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. బుక్ చేసిన రెండు ఆటోలూ క్యాన్సిల్ అయ్యాయి. మా ఆయన ఊళ్ళో లేడు. బుట్టకి రెండు పక్కలా చున్నీ కట్టి, నేనూ వాచ్‌మన్ కొడుకూ చెరోవైపు పట్టుకుని పంజాగుట్ట దాకా నడిచాం. ఎదురుగా బోనాలెత్తుకుని వస్తున్న ఆడవాళ్ళు, డప్పులు, వేపాకులు. డప్పు దగ్గరైనప్పుడల్లా బుట్ట ఒకవైపుకి ఒరిగిపోయేది. దార్లో ఒక మందులషాపులో నీళ్ళసీసా కొంటుంటే కౌంటర్లో కుర్రాడు సంగతి విని, జాలిపడి, మనుషులకి వాడే ఎనీమా సీసా తీసి బల్లమీద పెట్టాడు. "చిన్నపిల్లలది ఉందక్కా, దీనికి సరిపోద్ది." అది ఫాస్ఫేట్ ఎనీమా. పిల్లికి అది విషంతో సమానమని, పేగు ఆ ఫాస్ఫేట్‌ని పీల్చుకుంటే రక్తంలో కాల్షియం అమాంతం పడిపోయి ఫిట్స్ వచ్చి చనిపోవచ్చని తర్వాత డాక్టరమ్మ చెప్పారు. ఆ క్షణాన నాకది తెలియదు. చేతులు ఖాళీ లేక కొనలేదు, అంతే.

క్లినిక్‌లో కాటా మీద 7 కిలోల 600 గ్రాములు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, నా వేళ్ళు పట్టుకుని అక్కడ పెట్టించారు. ఆ కొవ్వు మెత్తదనం లోపల ఎక్కడో రాళ్ళు గుచ్చిన దండలా తగిలింది. ఎక్స్‌రేలో అది తెల్లగా, వెన్నెముకకి సమాంతరంగా, ఇంకో వెన్నెముకలా ఉంది. ఆ రాత్రీ మర్నాడూ వాడు అక్కడే ఉన్నాడు. ముందు సెలైన్ ఎక్కించారు. ఒళ్ళు కాస్త తడి పట్టాక మత్తిచ్చి, గోరువెచ్చటి నీళ్ళతో, చేత్తో, కొంచెం కొంచెంగా తీశారు. ఎండిన పేగుని ఒక్కసారిగా ఖాళీ చెయ్యాలని చూస్తే చిరిగే ప్రమాదం ఉందట.

ఎందుకిలా అయిందని అడిగితే ఆవిడ బీరువాలోంచి ప్లాస్టిక్ బొమ్మలేవీ తియ్యలేదు. మందుచీటీ వెనక ఒక ఎలకని గీశారు. దాని పక్కన 70 అని రాశారు. ఎలకలో వందకి దాదాపు డెబ్భై వంతులు నీళ్ళు. ఇంట్లో తిరిగే పిల్లుల మూలపురుషుడు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల అడవిపిల్లి. అది నీళ్ళు తాగి బతికిన జీవి కాదు, నీళ్ళు తిని బతికిన జీవి. వేటలోనే నీళ్ళు వచ్చేస్తాయి కాబట్టి దానికి దాహం అనేది చాలా ఆలస్యంగా తెలుస్తుంది. డ్రై ఫుడ్‌లో నీళ్ళు వందకి పది. ఆ తేడా పూడ్చేటంత నీళ్ళు పిల్లి తనంతట తాను తాగదు. ఒంట్లో నీళ్ళు తక్కువైతే పెద్దపేగు మలంలోంచి ఆఖరి చుక్క దాకా పిండుకుంటుంది. ఎండిన మలం నొప్పి. నొప్పికి భయపడి పిల్లి ఆపుకుంటుంది. ఆపుకున్నకొద్దీ ఇంకా ఎండుతుంది. పేగు సాగిపోతుంది. అలా సాగి సాగి ఒకనాటికి పాతబడ్డ ఎలాస్టిక్‌లా ఇంక బిగుసుకోదు. ఆ దశకి వస్తే మందులు పనిచెయ్యవు, పేగులో ఎక్కువ భాగం కోసి తీసెయ్యాలి. "మీవాడు ఇంకా అక్కడికి పోలే," అన్నారు. ఆ 'ఇంకా' అన్న మాట మీద కొంచెం ఒత్తు పెట్టారు.

ఇందులో బరువు పాత్ర ఏమిటంటే, లావు పిల్లి కదలదు, కదలకపోతే పేగూ కదలదు. ఆపరేషన్ అయిన మగపిల్లికి ఆకలి పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ట్రే గోడ ఎక్కి దిగడం కూడా వాడికి శ్రమే.

సరే, అయితే కడుపు కాస్త మాడిస్తే రెండు జబ్బులూ కుదురుతాయి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అమ్మకీ అదే అనిపించింది, అదీ ఒక్క పూట. అమీర్‌పేటలోని ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయంలో నాన్న రిటైరైన కొత్తలో పదిరోజులుండి వచ్చారు. మట్టిపట్టీలు, ఎనీమా, పళ్ళరసాల మీద ఉపవాసం. నాలుగు కిలోలు తగ్గి, గాలిలో తేలినట్టుందంటూ ఇంటికొచ్చారు. లంఖణం పరమౌషధం అని మా ఇంట్లో రెండురోజులకోసారైనా ఎవరో ఒకరు అనేమాటే. మనిషికి అది నిజమే కావచ్చు. పిల్లికి, అందులోనూ లావు పిల్లికి, లంఖణమే మృత్యువు. రెండు మూడు రోజులు తిండి మానితే చాలు, ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయం మీద పడుతుంది. దాన్ని ఖర్చు చేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కాలేయమే కొవ్వుముద్దైపోయి, కామెర్లు వచ్చి, ఆ కామెర్లలో అసలే తినక పోతుంది. మలబద్ధకం వచ్చిన పిల్లి తిండి మానేస్తుంది కాబట్టి చంటి విషయంలో ఈ రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉన్నాయి. తగ్గించాలి, కానీ వారానికి ఒంటి బరువులో నూటికి ఒక వంతుకి అటూఇటూగా. అంటే మొదట్లో వారానికి 70 గ్రాములు. ఒక చిన్న ఉల్లిపాయంత.

లెక్క కూడా ఆవిడే వేసిచ్చారు. వాడి ఎముకల చట్రానికి తగిన బరువు 5 కిలోలు. ఆ బరువున్న పిల్లికి పడుకుని ఉండటానికి రోజుకి సుమారు 234 కేలరీలు కావాలి, బరువు తగ్గాలంటే అందులో నూటికి 80 వంతులు. 187. ఇంటికొచ్చి నాన్న వాడకుండా మిగిల్చిన ఒక లెక్కల పుస్తకంలో గీతలు కొట్టి రాసుకున్నాను. చెంచా నెయ్యి 45. అంటే వాడి రోజు భత్యంలో నాలుగోవంతు ఒక్క చెంచాతో సరి. రెండు మేరీ బిస్కెట్లు ఇంకో నాలుగోవంతు.

అమ్మకి చూపించాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. "ఇది మీ నాన్న పుస్తకం," అంది. ఇంకేం అనలేదు.

రెండో వారం చంటి 90 గ్రాములు పెరిగాడు.

ఎలా పెరిగాడన్నది పెద్ద అపరాధ పరిశోధనేం కాదు. వంటింట్లో నేతిగిన్నె మాట్లాడేస్తుంది. నేను గట్టిగా అడిగితే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, కోప్పడింది. "మూగజీవాన్ని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని నేనొక్కదాన్నీ తినాలా? నాకు గొంతు దిగద్దూ?" అంది. అప్పుడు నాకు అర్థమైంది, 187 అన్న అంకె ఈ ఇంట్లో ఇద్దరి మీద పడుతోందని. వాడి తిండి తగ్గించడమంటే ఆవిడ పని తగ్గించడం. ఎనభై రెండేళ్ళ మనిషికి, ఊరు మారకపోయినా ఇల్లు మారి, పక్కింటి పేర్లు ఇంకా నోటికి రాని మనిషికి, రోజులో ఆ ఏడెనిమిది సార్లు లేవడమే ఉద్యోగం.

దారి నేను కనిపెట్టింది కాదు. వానలు మొదలై మా సందు మొదట్లో చలివేంద్రం ఎత్తేస్తున్నారు. తాటాకులు విప్పి, కుండలు బోర్లించి ఆటోలో పెడుతున్నారు. అమ్మ కూరలకని కిందకి దిగి ఒక చిన్న కుండ అడిగి తెచ్చుకుంది. దాన్ని బాల్కనీలో తులసికుండీ పక్కన పెట్టి నీళ్ళు పోసింది, ఎందుకో. సాయంత్రానికి చంటి అందులో ముఖం పెట్టి తాగుతున్నాడు, టపటపా, నిమిషంపైన. తిండిగిన్నె పక్కనున్న నీళ్ళగిన్నెని నెలల తరబడి మూతి కూడా పెట్టి చూడనివాడు. పిల్లులు తిండి దగ్గరి నీళ్ళని అంతగా ఇష్టపడవనీ, మీసాలు అంచుకి తగలని వెడల్పు గిన్నెలైతే బాగా తాగుతాయనీ డాక్టరమ్మ అంతకుముందే చెప్పారు. నేను చెబితే అమ్మ వినలేదు. కుండ చెబితే విన్నది.

మర్నాటికి ఇల్లంతా చలివేంద్రం. హాల్లో ఇత్తడి పళ్ళెం, బాత్రూం గుమ్మంలో గాజుగిన్నె, దేవుడిగూటి కింద రాతిచిప్ప, అమ్మ మంచం పక్కన మట్టిమూకుడు. మొత్తం తొమ్మిది. పొద్దునా సాయంత్రం వాటిని తోమి నింపడం, ఏ గిన్నెలో ఎంత తగ్గిందో చూడటం ఆవిడ పని. చీకట్లో కాలు తగిలి రోజుకొకటైనా ఒలుకుతుంది. మా ఆయన రెండుసార్లు జారాడు. ఏమన్నా అంటే, "వాడు దాహంతో పోతే ఎవరిది పాపం?" అంటుంది. 'ఆకలేస్తోందిరా నాయనా' పోయి 'దాహమేస్తోందిరా నాయనా' వచ్చింది. చంటి కాళ్ళ దగ్గర కూర్చుంటే ఇప్పటికీ లేస్తుంది, చెంబు పట్టుకుని.

పప్పన్నం బదులు ఏమిటన్నది ఇంతకన్నా కష్టమైన ప్రశ్న. తడి తిండి కావాలి, తడి తిండి అంటే మాంసం. కోడి, చేప ఉన్న పౌచ్‌లు. ఒక్కోదాన్లో వందకి ఎనభై వంతులు నీళ్ళే. నేనవి తెచ్చి ఫ్రిజ్ పైన పెడితే అమ్మ ఒకరోజంతా వంటింట్లోకి వెళ్ళలేదు. రాత్రి నాతో, "పులి తిన్నదానికి పులికి పాపం లేదు కదా?" అని అడిగింది. లేదన్నాను. "మరి పెట్టినవాళ్ళకి?" దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి ఆవిడే, "మీ నాన్న తెచ్చిన గింజల్లోనూ అదే ఉండుంటుంది. చూడకుండా పెట్టాడు, అంతే," అంది. బాల్కనీలో ఒక మూల, వేరే ప్లేటు, వేరే చెంచా అని ఒప్పందం. పౌచ్ చింపడం నా పని. రోజుకి రెండు, వాటిలో ఇంకో రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్ళు కలిపి. మొదటి పదిరోజులూ కొత్త తిండిని పాత గింజల్లో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేశాం. ఒక్కసారిగా మారిస్తే అలిగి మానేస్తాడు. వాడు మానకూడదు.

మిగిలిన కేలరీలకి డ్రై ఫుడ్. తూస్తే 12 గ్రాములు, లెక్కపెడితే 90 గింజలు. వాటిని గిన్నెలో పెట్టకుండా ఒక్కొక్కటీ హాల్లో ఆ చివరికి విసరాలి, వాడు పరిగెత్తి తినాలి. ఇది అమ్మకి చెప్పగానే నచ్చింది. అంకె మాత్రం నచ్చలేదు. తొంభై ఏమిటి, నూట ఎనిమిది చెయ్యమంది. 108 గింజలంటే 14 గ్రాములు పైచిలుకు. పౌచ్‌లో చెంచా తగ్గించి సర్దాను. సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ కుర్చీలో కూర్చుని నామం చదువుతూ గింజ విసురుతుంది, చంటి పరిగెడతాడు. పరిగెడతాడంటే, మొదటి నెల్లో రెండడుగులు వేసి కూలబడి, గింజవంక చూసి, మావంక చూసేవాడు. ఇప్పుడు గింజ నేలకి తగలకముందే కాలితో కొడుతున్నాడు.

మందు లాక్టులోజ్. పేగులో అరగని ఒక చక్కెర అది. అరగదు కనక పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడికి నీళ్ళు లాక్కొస్తుంది. తమాషా ఏమిటంటే అమ్మ రాత్రిపూట తాగేదీ అదే సీసా. ఆవిడకి పదిహేను మిల్లీలీటర్లు, వాడికి డాక్టరు రాసిన రెండున్నర, సూది తీసేసిన సిరంజితో దవడ పక్కనుంచి. "తియ్యగానే ఉంటుందిరా, నేను తాగట్లేదూ?" అని బతిమాలుతుంది. పాపం, పిల్లులకి తీపి తెలియదు. తీపిని గుర్తుపట్టే జన్యువు వాటిలో పాడైపోయి ఉందని 2005లో తేల్చారు. వాడికి అది వట్టి జిగురు. ఒంటికి అంటుకున్న జిగురుని గంటసేపు నాక్కుంటాడు, మావైపు వీపు పెట్టి. మలం మరీ పల్చబడితే మోతాదు తగ్గించాలి. పల్చబడిందో లేదో చూసి చెప్పేది అమ్మే. ఆవిడ ఇసబ్‌గోల్ కూడా వాడికి పట్టిస్తానంది. నీళ్ళు చాలని పేగులో పీచు వేస్తే అదొక కొత్త అడ్డంకి అవుతుందని, చలివేంద్రం నిలదొక్కుకునేదాకా వద్దని డాక్టరమ్మ ఆపించారు. ఎదురుఫ్లాటు ఆంటీ తీపిగుమ్మడి ఉడికించి పెట్టమన్నారు. చెంచాడు గుమ్మడిలో పీచు ఏపాటి? పెట్టాం, వాడు వాసన చూసి మట్టి కప్పే అభినయం చేసి వెళ్ళిపోయాడు.

పేగు కదలికకి సిసాప్రైడ్ అనే మంచి మందు ఉంది. మనుషుల్లో గుండెలయ తప్పిస్తోందని 2000లో అమెరికా మార్కెట్లోంచి తీసేశారు, 2011లో మన దగ్గర నిషేధించారు. అక్కడ పిల్లుల కోసం ఫార్మసీలు ప్రత్యేకంగా కలిపి ఇస్తాయి. ఇక్కడ మనుషుల షాపులో లేని మందు పిల్లికి దొరకడం ఎంత కష్టమో వెతికినవాళ్ళకి తెలుసు. అందుకే మాకున్నవి నీళ్ళు, గింజలు, ఆ సీసా. రెండో ట్రే కూడా కొన్నాం, గోడ ఒకవైపు కోసి పొట్టిగా చేసి.

తూచడానికి ఆదివారం ఆదివారం పాతపేపర్ల షాపుకి వెళ్తాం. ఇంట్లో మనిషి ఎక్కే మిషన్ యాభై గ్రాముల తేడా పట్టలేదు. పేపర్లషాపు కాటా పది గ్రాములు పడుతుంది. షాపతను మొదటిరోజు బుట్ట మూత తీసి చూసి, "గిదేందమ్మా, గింత బరువున్నడు, కిలో ఎంతకిస్తరు?" అన్నాడు. ఇప్పుడు అతనే కాటా తుడిచి పెడుతున్నాడు. తగ్గితే, "తగ్గిండు అమ్మమ్మా!" అని అమ్మకి వినబడేలా అరుస్తాడు. తగ్గని వారాలు ఉన్నాయి. అక్టోబరులో వరసగా ఐదు వారాలు ముల్లు కదల్లేదు. కింది ఫ్లాటువాళ్ళ కొత్త పనమ్మాయి కిటికీలోంచి చేపతలకాయ ఇస్తోందని తర్వాత తెలిసింది. ఉల్లీ వెల్లుల్లీ తగిలిన కూర పిల్లి రక్తానికి చేటని అమ్మ స్వయంగా దిగి వెళ్ళి చెప్పి వచ్చింది. సంక్రాంతికి మళ్ళీ ఒకసారి బిగిసింది, నాలుగు రోజులు. సెలైన్ కోసం పంజాగుట్ట వెళ్ళాం. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు. పేగు ఒకసారి సాగాక పూర్తిగా పాత స్థితికి వస్తుందని డాక్టరమ్మ ఎప్పుడూ అనలేదు. ఆ 'ఇంకా' మా ఇంట్లో అలాగే ఉంది.

పోయిన ఆదివారం 5 కిలోల 720. నడుం దగ్గర సన్నగా ఒక నొక్కు కనబడుతోంది. ఏళ్ళ తర్వాత తోక మొదలు దాకా తనే నాక్కోగలుగుతున్నాడు.

అమ్మ వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండర్లో తిథి పక్కన పెన్సిల్‌తో చుక్కలు పెడుతుంది. దొడ్డికెళ్ళిన రోజుకి ఒక చుక్క, వెళ్ళని రోజు ఖాళీ. రెండు ఖాళీలు వరసగా వస్తే నాకు ఆఫీసుకి ఫోన్. మొన్న తొలి ఏకాదశి నాడు ఆవిడ ఉపవాసం. వద్దన్నా మానదు, ఒక అరటిపండు, గ్లాసెడు పాలు. నేను సెలవు పెట్టి పడుకుని ఉంటే ఎనిమిదింటికే వచ్చి లేపింది.

"లేచి ఆ ప్యాకెట్టు చింపు. వాడికి లంఖణం పనికిరాదు," అంది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.